ఊకొట్టే బావి

ఎర్రదిబ్బ బావి పేరు మీరందరూ వినే ఉంటారు, చూసి మాత్రం ఉండరు, ఎందుకంటే గొడ్లు తోలుకుపోయేవాళ్ళు కూడా చుట్టూ తిరిగి పోతారు గానీ ఆ బావి పక్కగా పోరు. ఇప్పుడేమో రేపు ఆదివారం సాయంత్రం పిచ్చేశ్వర్రావు వెంట ఊరి చరిత్ర చూడ్డానికి పోతామని అందరూ పేర్లిచ్చొచ్చారంట. పోండి, నేను వద్దనను. కోటదిబ్బ చూడండి, వీరుడి రాయి చూడండి, పాత బడి గోడ చూడండి. బావి కాడికి పోయేముందు మాత్రం నేను చెప్పేది విని పోండి. ఏమే అమ్మాయ్, గడప మీద కూర్చోబాక, చాప మీదకి రా.

పిచ్చేశ్వర్రావు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మన పోస్టాఫీసు నడిపాడు గదా, దిగిపోయాక పాపం ఆయనకి పొద్దు గడవలా. పొద్దు గడవక ఏం చేశాడయ్యా అంటే, ఒక నోటుపుస్తకం చంకలో పెట్టుకుని ముసలాళ్ళున్న ప్రతి ఇంటికీ పోయి, మీ తాత ఏం చేశాడు, మీ అవ్వ ఏం చెప్పింది అని అడిగి అంతా రాసుకున్నాడు. రాసుకున్నవాడు ఊరుకుంటాడా? ఆదివారం ఆదివారం జనాన్ని పోగేసి, చేతిలో ఒక మైకు పట్టుకుని ఊరంతా తిప్పడం మొదలుపెట్టాడు. మొదటి వారం ముగ్గురొచ్చారు, అందులో ఇద్దరు ఆయన వియ్యాలవారే. పోనుపోనూ నలభై మంది అయ్యారు. అంతా తిరిగాక చల్లగా ఉంటుందని ఎర్రదిబ్బ బావి మెట్ల మీద కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పేవాడు. అక్కడొద్దు నాయనా అంటే, ఉత్తరాలు పంచినన్నాళ్ళూ నాకు ఒక్క దెయ్యమూ తగల్లేదత్తా అని నవ్వాడు. ఒక ఆదివారం నేనూ పోయాను, మోకాళ్ళు నొప్పులైనా పోయాను, ఎందుకంటే ఆ రోజు చెప్పేది ఆ బావి కథే.

ఆ కథ మీకు తెలిసిందే. వందేళ్ళ కిందట ఊళ్ళో కలరా వచ్చి ముప్పై మంది పోయారు. నాంచారమ్మ అనే ఆవిడ రోగం బట్టలు తెచ్చి బావిలో ఉతికిందనీ, నీళ్ళు చెడి ఊరికి అంటుకుందనీ, ఊరు నిలదీస్తే సిగ్గుతో తనే దూకిందనీ చెప్పుకునేవాళ్ళు. అప్పట్నుంచీ ఆ ఇంటి ఆడవాళ్ళ చేతి నీళ్ళు ఎవరూ తాగేవాళ్ళు కాదు. పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు, కూరలు తరిగించేవాళ్ళు, పప్పు కూడా వడ్డించనిచ్చేవాళ్ళు, నీళ్ళ జగ్గు మాత్రం ముట్టనిచ్చేవాళ్ళు కాదు. నీళ్ళు లేకుండా పప్పు ఎట్టా ఉడికింది అని ఎవరూ అడగలేదనుకోండి.

ఆ నాంచారమ్మ మునిమనవరాలే మన ఆదెమ్మ. అప్పుడే అంగన్‌వాడీలో ఆయా పనికి అర్జీ పెట్టుకుంది. మొగుడు మంచాన పడ్డాడు, ఆ పని వస్తే ఇల్లు నిలబడుతుంది. తల్లులు నలుగురు పోయి, మా పిల్లలకి ఆమె చేత్తో నీళ్ళు పట్టించొద్దని సంతకాలు పెట్టి ఇచ్చారంట. ఇక ఆదెమ్మ పిచ్చేశ్వర్రావు దగ్గరికి పోయి, మైకులో ఆ ముక్క చెప్పొద్దు బాబాయ్, చెవుల్లో ఉన్నది చాలు అని బతిమాలుకుంది. ఆయన చెడ్డవాడేం కాదు. నాలుగిళ్ళలో అడిగినా అదే చెప్పారమ్మా, పది ఇళ్ళలో అడిగినా అదే చెప్పారు, నేను రాసుకోక ఏం చెయ్యను అన్నాడు. అయినా ఆదెమ్మ వచ్చింది. చివరి మెట్టు మీద, ఒళ్ళో నీళ్ళసీసా పెట్టుకుని, తల దించుకుని కూర్చుంది.

సరే, ఆయన మొదలుపెట్టాడు. కథ చెప్తుంటే ఎదటివాళ్ళు ఊకొట్టాలా వద్దా? ఊకొట్టకపోతే చెప్పేవాడికి నోట్లో మాట ఎండిపోదూ? ఆ నలభై మందీ సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు గానీ ఊఁ అన్నవాడు ఒక్కడు లేడు. ఆయన, ఈ బావి ఫలానా సంవత్సరంలో తవ్వారు అన్నాడు. ఊఁ అని వినపడింది. తొమ్మిది నిలువుల లోతు తవ్వితే గానీ నీళ్ళు పడలేదు అన్నాడు. ఊఁ. ఆడగొంతు, మెత్తగా, ఇంట్లో పని చేసుకుంటూ వినేవాళ్ళు అంటారే, అట్టా. పిచ్చేశ్వర్రావుకి ఉత్సాహమొచ్చింది, ఎవరో శ్రద్ధగా వింటున్నారని. కాసేపటికి నా పక్కనున్నావిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ ఊఁ అనేది మనలోంచి రావట్లేదు, కిందనుంచి, నీళ్ళలోంచి వస్తోంది. నీళ్ళు కదలట్లేదు.

అప్పుడు ఆయన, నాంచారమ్మ బట్టలు ఉతికింది అన్నాడు. ఊఁ లేదు. మళ్ళీ చెప్పాడు. లేదు. మైకు చెడిందేమో అనుకుని దాన్ని తట్టి మూడోసారి చెప్పాడు. జనం లేచి నిలబడ్డారు, కానీ ఎవరూ కదల్లేదు. ఒకాయన, ఆవిడ కాదేమో, పక్క ఊరివాళ్ళు ఉతికుంటారు అన్నాడు. ఊఁ లేదు. ఇంకొకాయన, అమ్మవారికి కోపమొచ్చి ఉంటుంది అన్నాడు. దానికీ లేదు.

నా సంగతి చెప్తాను వినండి. నాకు భయమేసింది. దెయ్యానికి కాదు. మా అత్తగారు పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పిన మాటొకటి నలభై ఏళ్ళుగా నా కడుపులో ఉంది, అదిప్పుడు గొంతు దాకా వచ్చింది. చెప్తే మా ఇంటి పరువు పోతుంది. చెప్పకపోతే ఆదెమ్మ అట్టాగే తల దించుకుని ఉంటుంది. నేను దాని మొహం చూశాను, చూడకపోతే బాగుండేది.

లేచాను. రోగం మా ఇంట్లో మొదలైందయ్యా అన్నాను. మా మామగారి నాన్న తిరనాళ్ళకి పోయి వాంతులూ విరేచనాలతో వచ్చాడు, సంగతి బయటికి పొక్కకూడదని మా ఇంటి మగాళ్ళే ఆ బట్టలు తెల్లారకముందే ఈ బావిలో జాడించారు అన్నాను. ఊఁ అంది. నీళ్ళకొచ్చిన నాంచారమ్మ చూసింది, చూసి ఇంటికి పోలేదు, ఇదే మెట్టు మీద చేతులు చాపి అడ్డంగా నిలబడి, ఈ నీళ్ళు తోడొద్దు, పిల్లలు పోతారని వచ్చినవాళ్ళనల్లా వెనక్కి పంపింది అన్నాను. ఊఁ. మా వాళ్ళు నోరు ముయ్యమన్నారు, ముయ్యలేదు, అందుకని తోసేశారు, తోసేసి నేరం ఆమె మీదే వేశారు అన్నాను. అప్పుడు వచ్చింది చూడండి ఒక ఊఁ, పొడుగ్గా, బరువు దించుకున్న మనిషి వదిలే ఊపిరి మాదిరిగా. నేను ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, దాచుకునేదేముంది.

ఏడ్చి ఏడ్చి నోరు ఎండిపోయింది. నేనే చెయ్యి చాపి, ఆదెమ్మా, కాసిని నీళ్ళు పొయ్యవే అన్నాను. సీసా మూత తీసి, సగం నా చీర మీదే పోసింది. మిగతా సగం అందరూ చూస్తుండగా దోసిట పట్టి తాగాను. మామూలు నీళ్ళే. నా తర్వాత పిచ్చేశ్వర్రావు తాగాడు, తాగి నోటుపుస్తకంలో ఒక పేజీ అడ్డంగా కొట్టేశాడు. సంతకాలు పెట్టిన తల్లుల్లో ఇద్దరు ఆ పూటే పోయి తమ పేర్లు తీయించుకున్నారు, మిగతా ఇద్దరికి ఇంకో నెల పట్టింది. ఇప్పుడు మీ పిల్లలకి అక్కడ నీళ్ళు పట్టేది ఆదెమ్మే గదా.

మా ఇంట్లో మా బావగారు ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. నాకదేమీ కష్టమనిపించలా, ఆయన మాట్లాడినప్పుడు మాత్రం ఏం సుఖపడ్డాను?

కాబట్టి రేపు ఎక్కడికైనా పోండి గానీ ఆ మెట్ల మీద కూర్చోబాకండి. నాంచారమ్మ కాళ్ళు పట్టి లాగదు, జుట్టు విరబోసుకుని రాదు, ఏమీ చెయ్యదు. ఊరికే వింటుంది. నేనైతే మళ్ళీ అటు పోలేదు, మా అత్తగారు నాకు చెప్పినవి ఇంకా రెండు నా కడుపులోనే ఉన్నాయి.