మేనమామ వచ్చేదాక

"అత్తా, బాబుకు ఆరు నెలలు నిండినయి. మా తమ్ముడు ఓడ డ్యూటీ దిగి వచ్చేదాక అన్నం ముట్టియ్యద్దంటున్నరు మా అత్తగారు. వాడెప్పుడొస్తడో వానికే తెల్వదు. అందాక ఒక్క పాల మీదనే ఉంచాల్నా? నీ కాలంల ఎట్ల జేసిన్రు? ఫోన్ల రికార్డు వెడుతున్న, గువాహటిల మా ఇంటికి వొయ్యినంక మళ్ల ఇంట."

పెట్టినవా? గట్ల దూరం గూసోకు బిడ్డా, నీ మాట వినవడ్తలేదు నాకు. పోరణ్ణి ఇటియ్యి. అబ్బ, ఎట్ల జూస్తుండు సూడు. పొద్దటిసంది నేను చాయ్ తాగితే నా పెదవులే జూస్తుండు. మాట రాని పిల్లలు గిట్లనే అడుగుతరు.

ఆగాల్నా అంటే, మీ రేణుక వదిన ముచ్చట చెప్త. ఇప్పుడు అన్నోజిగూడల ఇల్లు గట్టుకొని, ఇద్దరు పిల్లల తల్లయి, నన్నే బెదిరిస్తది, గోలీలు ఏసుకున్నవా అని. గప్పుడు దాన్ని చూస్తే దడుసుకుందువు నువ్వు.

గప్పుడు మేం గీ నాచారంలనే కిరాయికి ఉంటిమి. వరసగ అర్రలు, నడుమ గోడ సగందాకనే, పక్కింట్ల దగ్గితే మనింట్ల వినవడేది. కిరాయి ఎంతనుకున్నవ్? గా పైసలకు ఇప్పుడు ఉప్పల్ కాడ ఆటో గుడ ఎక్కనియ్యరు. మీ మామ మల్లాపూర్ల ఇనుప సామాను కంపినీకి వోయేది. నేను దారం కంపినీల... కాదు కాదు, దారం కంపినీ తర్వాత. అప్పుడు మందు సీసాలకు మూతలు వెట్టే కాడ ఉంటి. గోడ అవుతల సత్యం గారని ఒకాయన, గోదావరి దిక్కు మనిషి, ఉప్పల్ల ఏదో ఆఫీసుల గుమాస్తా. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేది.

రేణుకకు ఆరు నెలలు వడంగనే మా అత్తనడిగిన, అన్నం ముట్టిద్దమా అని. "నీ తమ్ముడు రానియ్యి" అన్నది. మేనమామ ఒళ్లె కూసోవెట్టుకొని మొదటి ముద్ద వెడితేనే పిల్లకు తిండి ఒంటవడ్తదని ఆమె పట్టు. ఊకె పట్టు గాదు. ఆమెకు నడిపి కొడుకుండె. ఆమె అన్నదమ్ములు అలిగి రాలేదట, వీళ్లే ముట్టిచ్చిన్రట, ఆ యేడే పోరడు జెరమొచ్చి పోయిండు. ఆ జెరం అన్నం తోటి వచ్చిందా చెప్పు? గని కడుపుకోత వడ్డ మనిషికి గా మాట ఎవ్వలు చెప్తరు?

మా తమ్ముడంటే మీ నాయిననే. గప్పుడు భీవండిల మగ్గాల కాడ పని. నేను చేద్దామంటే నంబరు లేదు, వాడే కిరాణ దుకానానికి ఫోన్ జేసేది. "అక్కా, సేటు సుట్టీ ఇస్తలేడు, వచ్చే నెల వస్త. నేను రాకుంట ముట్టియ్యకుండ్రి, నా కోడలు అది" అనేది. వచ్చే నెల అనుకుంట అనుకుంట ఎన్ని నెలలు పోయినయో.

పాలు లేవా అంటే, ఉండె. నాకు బాలింతకు వెట్టినట్టే వెట్టింది మా అత్త, ఎల్లిపాయ కారమని, మెంతులని. పిల్ల తాగుతది, ఇడుస్తది, మళ్ల నా పళ్లెం దిక్కు చెయ్యి జాపుతది. ముద్ద నా నోట్లె వెట్టుకుంటే అది నోరు తెరుస్తది. మా అత్త దాన్ని అటు మలిపి కూసునేది, నేను గోడ దిక్కు మర్రి తినేదాన్ని.

బుగ్గలు జారినయి, కాళ్లు పుల్లలైనయి. ఆ వయసు పిల్లలు కూసుంటున్నరు, ఇదేమో వాలిపోతున్నది. మొకం తెల్లగ పాలిపోయింది. ఇగ మీ మామ, నేను దవాఖానాకు తీసుకపోయినం. డాక్టరమ్మ కనురెప్ప గుంజి చూసి, ఏం పెడుతున్నరు అన్నది. పాలే అన్న. "పాలు మంచిగనే ఇస్తున్నవమ్మా, గని ఆరు నెలలు దాటినంక ఒక్క పాలు చాలయి. పిల్లకు రక్తం తక్కువైంది. ఇయ్యాల్నే తిండి షురూ జెయ్యి" అని, చుక్కల మందు రాసింది. దర్వాజ దాటుతుంటే మళ్ల పిలిచింది. "తిండి షురూ జేసుడంటే పాలు బందు జేసుడు గాదు. ఏడాది దాటినంక గుడ ఇయ్యి. రెండూ గావాలె. సమజైందా?" అన్నది.

ఇంటికొచ్చి చెప్తే మా అత్త ఏడ్సింది. "నా చేతులతోని ఒకణ్ణి వోగొట్టుకున్న, దీన్ని గుడనా" అన్నది. మీ మామ గట్టిగ అరిచిండు. ఆయన అరిస్తే నేను ఏడ్సిన. గా లొల్లికి సత్యం గారు వచ్చి దర్వాజ కాడ నిలవడ్డడు. "మామ్మగారూ, మీ కోడలు నన్ను అన్నా అంటుంది కదండీ. నేను కూర్చుంటే సరిపోదా?" అన్నడు.

మా అత్త ఎగాదిగా జూసింది. "అన్నా అని కూరగాయలోణ్ణి గుడ పిలుస్తది. గాయన గుడ మేనమామేనా?" అన్నది. ఆయన నెత్తి వంచిండు పాపం. ఇగ పోతుండు అనంగ మా అత్తనే అడిగింది, "రాఖీ గట్టిందా నీకు?" అని.

రాఖీ పున్నం ఏడున్నదో! నేనేం ఆలోచించలే. దారం ఉండల కెళ్లి పోగులు తెంపి, పసుపు రాసి, గాయన చెయ్యి వట్టుకొని గట్టిన. పసుపు తడికి దారం జారి ముడి వడ్తలేదు. ఆయనే ఇంకో చేత్తోని కొస వట్టుకున్నడు. మా అత్త జూస్తనే ఉన్నది. "తానం జేసినవా నాయినా?" అన్నది. "చేశానండీ" అన్నడు. "అయితే కూసో" అన్నది.

పెసరుపప్పు అన్నం మెత్తగ పిసికి, జర నెయ్యేసి ఇచ్చిన. ఆయన వేలుతోని నోటికందిస్తే పిల్ల వేలు ఇడుస్తలేదు. ఆకలిగొన్న పిల్ల గదా. మా అత్త పొయ్యి దిక్కు మర్రి నిలవడ్డది, సూడలే. ఆనాటి నుంచి మస్తు రోజులు పొద్దుగాల లేవంగనే పిల్ల నుదురు ముట్టి చూసేది, జెరమొచ్చిందేమో అని. రాలేదు. రానే రాలేదు.

తిండి వడ్డదా, ఇగ మా అత్త అటు మర్రింది. "బువ్వ తింటుంది గదా, పాలెందుకు, రొమ్ముకు వేపాకు రాయి" అని. నేను రాయలే. డాక్టరమ్మ మాట వట్టుకున్న. పొద్దుగాల డ్యూటీకి వొయ్యేముంగట పాలు. నేను లేనప్పుడు మా అత్త పప్పన్నం, ఆకుకూర, ఉడికిన గుడ్డు. పగటి సుట్టీల ఉరికొచ్చి పాలు, మాపటికి వచ్చినంక పాలు. అరగదని మా అత్త నీళ్ల లెక్క జేసేది, నేను గట్టి జేసేదాన్ని. చెంచాకు అంటుకోవాలె బిడ్డా, కారిపోవద్దు. కడుపు నీళ్లతోని నిండితే బలమేడికెళ్లొస్తది? నోరు మలిపితే మాత్రం ఊకోవాలె, కుక్కద్దు. ఒకదినం గిన్నె నాకుతది, ఒకదినం ఉమ్ముతది. ఫికర్ జెయ్యకు, ఉమ్మిన నాడు పాలు ఇంకింత తాగుతది.

పిల్ల నిలవడే యాళ్లకు మీ నాయిన వచ్చిండు. చేతుల వెండి గిన్నె. పిల్లేమో మా అత్త ఒళ్లె కూసొని అన్నం తింటున్నది. చూసి గట్లనే నిలవడ్డడు. "ఎవలు ముట్టిచ్చిన్రు?" అన్నడు. చెప్పిన. డాక్టరమ్మ చెప్పింది చెప్పిన, పిల్ల ఎట్లయిందో చెప్పిన. "నేను బతికే ఉన్న గదా అక్కా" అన్నడు. గంతే. గిన్నె గూట్లె వెట్టి, మంచినీళ్లు గుడ ముట్టకుంట వొయిండు. ఆ యేడు రాఖీకి రాలే. పై యేడు రాలే. పిల్ల బతికిందని సంబురపడుదునా, తమ్ముడు అలిగి వొయిండని ఏడుదునా? పున్నం నాడు దర్వాజ కాడ్నే కూసుండేదాన్ని.

వాని తప్పు గాదు బిడ్డా. గా మిషిన్ల మోతల, గా దూది దుమ్ముల, నా కోడలు నా కోసం ఆగింది అనుకుంట పని జేసిండు. వాడు లేకుంట మా పని ఆగదని తెలిస్తే మనిషికి ఎట్లుంటది?

తర్వాత లగ్గమైంది వానికి. భీవండి ఇడిసి మల్లాపూర్ల కంపినీల జేరిండు. గంత దగ్గరుండి గుడ రాకపోయేది. నువ్వు వుట్టినవ్. మీ అమ్మ తమ్ముడు ఊర్ల పత్తి ఏరుడుల వడి ఇయ్యాల రేపు అంటుండెనట. ఒకనాడు సాయంత్రం నేను బియ్యం చెరుగుతున్న, దర్వాజ కాడ అక్కా అని వినవడ్డది. చాట కింద వెట్టి ఉరికొచ్చిన, మీ నాయిన. లోపలికి రాడు, నెత్తి ఎత్తడు. "మామ వచ్చేదాక ఆగుదమన్నరు అందరు. పిల్ల నా నోటి దిక్కే జూస్తుంది. ఆగలేకపోయిన అక్కా. నేనే వెట్టిన" అన్నడు.

లోపలికి రారా, అన్నం తిందువు అన్న. తిన్నడు. మళ్ల ఆ ముచ్చట వాడు ఎన్నడు ఎత్తలే, నేను ఎత్తలే. పోయినేడు వాడు కాలం జేసేదాక ఒక్క రాఖీ తప్పలే.

మీ అమ్మ చెప్పలేదా నీకు? నీకు మొదటి ముద్ద వెట్టింది మీ మేనమామ గాదు బిడ్డా, మీ నాయిన. ఏడువకు. పోరడు బెదురుతడు.

ఓడల ఉన్న నీ తమ్మునికి ముందుగాల నువ్వే చెప్పు. చెప్పే తావుంటే నేను మా తమ్మునికి గా రంది వెట్టకపోదును. మీ అత్తగారి మీద గరం గాకు, ఆమెకు ఏం భయముందో ఏమో, నేను అడుగుత. నా ఫోన్ల కలుపు. నేను మాట్లాడేదాక నువ్వు వానికి పాలియ్యి. సల్లగుండాలె. నీ పాలు తనివిదీర తాగాలె, ఎవలి చెయ్యి దగ్గరుంటే గా చేతి బువ్వ తిని పెరగాలె. నువ్వు గుడ యాళ్లకు తిను, సగమైనవ్. ఆ... మోగుతున్నది. వదినమ్మా, నేను నాచారం నుంచి... ఆ, బాగున్న... మీ మనుమడు ఈడ్నే ఉన్నడు, పాలు తాగుతుండు...