పరికరం మాటను పరీక్షించి నమ్మిన పూర్ణిమ గారు

రెండు వేల ఒకటవ సంవత్సరం జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం, వానకు తడిసిన చీర కుచ్చిళ్లతో మందిర్ హసౌద్‌లోని మా సంస్థ మెట్లెక్కిన శ్రీమతి పూర్ణిమ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో స్థిరపడిన రైల్వే కుటుంబంలో జన్మించిన ఆమె, పాలిటెక్నిక్‌లో అధ్యాపకత్వాన్ని విడిచి, ఉక్కు కర్మాగారాల క్రేన్లకు భద్రతా పరికరాలు తయారుచేసే ఈ చిన్న సంస్థను కోరి ఎంచుకున్నారు.

అప్పట్లో సంస్థ అంటే రెండు గదులు, ఒక కూలరు, చుట్టూ వరిపొలాలు. మధ్యాహ్నం అందరి డబ్బాలూ ఒకే బల్ల మీద తెరుచుకునేవి. పూర్ణిమ గారి గోంగూర కోసం హిందీ మిత్రులు సైతం కుర్చీలు దగ్గరకు జరుపుకునేవారు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో కొందరు నేడు మన మధ్య లేరు.

పరికరంలో బరువును కొలిచే ఎలక్ట్రానిక్ కార్డుకూ కంప్యూటరుకూ నడుమ దుబాసీగా నిలిచే డ్రైవర్ ప్రోగ్రాములు రాయడం ఆమె విధి. యంత్రం మొదలవగానే డ్రైవర్ ‘నీకేమేమి చేతనవును?’ అని కార్డును అడుగుతుంది. కార్డు చెప్పిన జవాబును నమ్మి పని నడుపుతుంది. లోకమంతటా ఉన్న ఆనవాయితీ అదే.

రెండు వేల తొమ్మిది మే నెలలో ఒక కర్మాగారంలో క్రేన్ మోయదగినదానికి మించిన బరువెత్తింది. హెచ్చరిక గంట మోగలేదు. తీగతాడు తెగి ఉక్కు దూలం నేలకూలింది. దైవకృపవల్ల ప్రాణనష్టం జరగలేదు. ఆపరేటర్ దానయ్య గారే గంటను ఆపివేశారని నిర్ధారించి, అక్కడి అధికారులు ఆయనను సస్పెండ్ చేశారు. పరికరం మనది గనుక, అది సవ్యంగా ఉన్నదని ధ్రువీకరించడానికి పూర్ణిమ గారు వెళ్లారు.

గేటు దగ్గర నిలబడి ఉన్న దానయ్య గారు ఆమెను చూసి దగ్గరకు వచ్చారు. “మేడమ్, గంట నాను బంద్ సెయ్యనేదు. అది మోగనే నేదు” అన్నారు.

కార్యాలయంలో గ్రాంథికానికి దగ్గరగా మాట్లాడే పూర్ణిమ గారి నోట ఆనాడు పుట్టింటి మాటే వచ్చింది. “మోగిందో నేదో మనిద్దరం పైకెక్కి సూద్దాం, బాబాయ్.”

అనుమతి సంపాదించి, మండుటెండలో ఇద్దరూ క్రేన్ గదిలోకి ఎక్కారు. కింద జనాన్ని తప్పించి, పరీక్ష బరువులు వేలాడదీశారు. పరిమితి దాటగానే తానే కబురు పెట్టగలనని కార్డు చెబుతూనే ఉన్నది. దానిని నమ్మి డ్రైవర్ ఎదురుచూస్తూనే ఉన్నది. కబురు మాత్రం రాలేదు, గంట మోగలేదు. చల్లని గదిలో నిజమైన ఆ మాట, కొలిమి వేడిలో అబద్ధమైపోతోంది.

తయారీదారు పత్రాలు సక్రమంగా ఉండగా, మనల్నెవరూ వేలెత్తి చూపకుండా ఉండగా, కొరివితో తల గోక్కోవడమెందుకని నాటి విభాగాధిపతి కొండలరావు గారు వారించారు. “మోగలేదని కళ్లారా చూసి, మోగిందని సంతకం పెట్టలేను సార్” అన్నారు పూర్ణిమ గారు. నిజమే రాశారు. దానయ్య గారు తిరిగి విధుల్లో చేరారు. మన పరికరాలున్న ప్రతి క్రేన్‌లోనూ డ్రైవర్ ప్రోగ్రామును మార్చవలసి వచ్చింది. ఆ ఏడు రావలసిన పదోన్నతి ఆమెకు రాలేదు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు.

ఆమె రాసిన కొత్త డ్రైవర్, కార్డు చెప్పిన ప్రతి సామర్థ్యాన్నీ ముందు చేయించి చూస్తుంది, పని నడుమ మళ్లీ పరీక్షిస్తుంది. తేడా కనబడితే కబురు కోసం కాచుకోక, తానే పదేపదే బరువును అడిగి తెలుసుకుంటుంది. ఆపరేటర్‌కు హెచ్చరికగా పసుపు దీపం చూపుతుంది. కొన్నేళ్లకు కొండలరావు గారే ఆ పద్ధతిని సంస్థ నియమంగా ప్రకటించి, విభాగాన్ని ఆమెకు అప్పగించారు.

ఈ స్వభావం ఇతరత్రా మమ్మల్ని నవ్వించింది కూడా. కొత్త ఏసీ పద్దెనిమిది అని చూపిస్తే, ఆమె ఇంటి నుంచి థర్మామీటరు తెచ్చి బల్లమీద పెట్టారు. ఇరవై ఆరు. మెకానిక్ వినయంగా మళ్లీ నిచ్చెన వేసుకున్నాడు.

భర్త ఉమేష్ గారి, కుమార్తె త్రివేణి సాహచర్యంలో పూర్ణిమ గారు సంపూర్ణారోగ్యంతో, మనశ్శాంతితో నిండు నూరేళ్లు జీవించాలి. క్రేన్ల కింద పనిచేసి, సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరే వేలమందికి ఆమె పేరు తెలియదు. వారందరి పక్షాన కూడా ఈ శుభాకాంక్షలు మేమే అందజేస్తున్నాము.