ఇంజన్ మీది, డబ్బా మాది

పేపర్ తిప్పుండ్రి బావా, తిప్పుండ్రి. ముందల పేజీ అయిపోతె ఎనుక పేజీ ఉన్నది. అది గూడ అయిపోతె చెప్పుండ్రి, లోపటికెళ్ళి పంచాంగం తెప్పిస్త. నాకేం తొందర లేదు. వికారాబాద్‌కు ఈ తాండూరు నుంచి నా రైలు పొద్దుమీకిగాని లేదు.

నేను గడప తొక్కలే, చూసుకోండ్రి. అరుగు మీదనే కూసున్న. ఒకరి గడప ఒకరు తొక్కమని మీరిద్దరు అన్నదమ్ములు ఒట్టు వెట్టుకున్ననాడు అరుగు ముచ్చట ఎవ్వలు తియ్యలే. మీ ఒట్టు భద్రంగనే ఉన్నది.

ఏంది, తమ్ముని పెండ్లాం బావ ముంగట గిట్ల కూసోని మాట్లాడుడేందనా? ఔ, మాట్లాడొద్దు. నెత్తి మీద కొంగేసుకోని, తలుపు చాటుకు నిలవడి, మూడో మనిషితోని చెప్పిపియ్యాలె. తెల్వదా నాకు? అందుకే ఇయ్యాల్ల నేను మీ తమ్ముని పెండ్లాన్ని గాదు. మీ పెండ్లానికి సొంత చెల్లెను. మీకు మరదలిని. మరదలు బావతోని పరాచికమాడితె ఎవ్వలు తప్పు వట్టరు. ఒక్క ఇంటి అన్నదమ్ములకు అక్కచెల్లెండ్లనిస్తె గిదొక్కటే ఫాయిద. ఒక చుట్టరికం నోరు మూస్తె ఇంకోటి తెరుస్తది.

మీరు నాకు జవాబియ్యకుండ్రి. గోడకు చెప్పుండ్రి, నేను ఇంట.

ఇంజన్ కోసం వచ్చిన.

చూసిండ్రా, గా మాటకు పేపర్ కిందికి దిగింది. ఇంత సేపటిసంది మనిషి కూసుంటె దిగలే, ఇంజన్ అనంగనే దిగింది. మీ తమ్ముడు గూడ అచ్చం గింతే. ఒక్క కడుపుల పుట్టినోళ్ళు గద మరి.

మీకు యాదున్నదో లేదో, మామ పోయినంక పంపకాలప్పటి ముచ్చట. నవాబుపేట దిక్కు పొలం చెరిసగమాయె. ఎడ్లు చెరొకటి. అత్త గంగాళం మీకు, బిందెలు మాకు. అన్ని మంచిగనే అయినయి. ఇగ మెటడోర్ కాడికి వచ్చి ఆగింది. తాండూరు మార్కెట్టుకు కందులు తోలనీకె మామ కొన్న వ్యాను.

అమ్మి పైసలు పంచుకోండ్రన్నరు పెద్దమనుషులు. నాయిన బండి అమ్ముతమా అని ఇద్దరు ఒక్క గొంతుతోని లేసిండ్రు. గా పంచాయితీ మొత్తంల మీరిద్దరు కలిసి అన్న మాట గదొక్కటే. ఒకరు బండి తీస్కోండ్రి, ఇంకొకరు రెండు గుంటల పొలం ఎక్కువ తీస్కోండ్రన్నరు. ఇంటిరా? అప్పుడు మీరు, మీ నోటితోనే, బాయి కాడ కరెంటుంటలేదు, ఇంజన్ నాకియ్యుండ్రి, డబ్బా వాడు తీస్కుంటడు అన్నరు. సోయి మీ తమ్ముడన్న తెచ్చుకోవాలె గద. సరే, డబ్బా నాదే అన్నడు. పెద్దమనుషులు ఛాయ్ తాగి, బరాబర్ న్యాయమైందని లేసి పోయిండ్రు.

దునియాల బండిని గిట్ల పంచుకున్నోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా బావా? ఉంటె చెప్పుండ్రి, పోయి మొక్కొస్త. ఒక పెద్దమనిషి ఇంజన్ తెచ్చి బాయిల నీళ్ళు తోడుకునె. ఇంకో పెద్దమనిషి ఇంజన్ లేని వ్యానును ట్రాక్టర్ ఎనుక కట్టుకోని వికారాబాద్ దాంక గుంజుకపాయె. తొవ్వ పొంట జనాలు నవ్విండ్రు. స్టీరింగ్ పట్టుకోని లోపట కూసున్నది నేనే. నాకు తెల్సు ఎట్ల నవ్విండ్రో.

గా డబ్బా మా పెరట్ల ఎన్నేండ్లున్నదంటరు? అప్పుడు నా బిడ్డ సింధుజ మోకాళ్ళ మీద పారాడుతుండె. ఇప్పుడు దాని బిడ్డ బడికి పోతున్నది. వానకు నానింది, ఎండకు పగిలింది. టైర్లు మురిగిపోతె కింద మీ తాండూరు బండలు పేర్చి నిలవెట్టిండు. డ్రైవర్ సీట్ల కోళ్ళు పొదిగినయి. మీదికెళ్ళి నేను సొరతీగ పారిచ్చిన. అబద్ధమెందుకు, మస్తు కాసింది. మీ ఆస్తిల నాకు కలిసొచ్చింది గవ్వే, సొరకాయలు.

వికారాబాద్‌ల నడిపే దుకాణం బందు వెట్టినంక మీ తమ్మునికి ఏమాయెనో ఏమో, ఒకనాడు పొద్దుగాల లేసి తీగంత కోసేసిండు. పిందెలతోని సహా. నన్ను ఒక్క మాట అడగలే. వ్యాను బాగు జేస్త అన్నడు. ఇంజన్ లేదు గద అన్న. నా వంతుకొచ్చింది నేను బాగు జేసుకుంట, నీకేమైందన్నడు.

డెంటింగ్ పని చేసే అమ్జద్ వచ్చి చూసిండు. తలుపు మీద వేలు పెడితె వేలు అవుతలికి పోయింది. దీనికన్న కొత్తది కొనుక్కుంటె నయం సాబ్ అన్నడు పాపం. ఆ మాట చెప్పిన పాపానికి ఆయన రెండేండ్లాయె మా పెరట్లనే ఉన్నడు. కిందికెళ్ళి రేకు పురాగ కోసి కొత్త రేకు అతికిచ్చిండ్రు. తలుపులకు పుట్టీ వెట్టుడు, గీకుడు. మల్ల పుట్టీ, మల్ల గీకుడు. అన్నంల దుమ్ము, పాలల్ల దుమ్ము. హెడ్‌లైట్ అద్దాల కోసం పట్నం పోయి, పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజారంత దేవులాడిండు. పెండ్లైనప్పటిసంది నాకు ఒక్క చీర గట్ల దేవులాడి తేలే మీ తమ్ముడు.

మూతి మీద పేరు గూడ రాయించిండు, ఎన్కట ఎట్లుండెనో గట్లనే. అత్త పేరు మీద, మొగులమ్మ కొడుకులు అని. పెయింటర్ కొత్తోడు, తెల్వక అడిగిండు. ఇంటికాడ మీరొక్కరే ఉన్నరు గద, మీ పేరు రాయాల్నా అని. మీ తమ్ముడు ఆయన దిక్కు చూసిండు. ఇప్పుడు మీరు నా దిక్కు ఎట్ల చూస్తున్నరో అచ్చం గట్లనే. పెయింటర్ నోరు మూసుకోని కొడుకులు అనే రాసిండు.

ఇప్పుడు చూడాలె దాన్ని. తెల్ల రంగు, నడుమ నీలం పట్టీ, కొత్త రెగ్జిన్ సీట్లు. పెండ్లికొడుకు లెక్క నిలవడ్డది. సీట్ల నడుమ మూత తీస్తె మాత్రం లోపట ఏం లేదు, పిల్లి పండుకుంటది.

పొద్దుమీకి తానం జేసి, ఇస్త్రీ అంగీ ఏసుకోని పోయి దాంట్ల కూసుంటడు. స్టీరింగ్ పట్టుకుంటడు. నన్ను గూడ రమ్మంటడు. పోత, ఏం జేస్త? పక్కకు కూసుంట. యాడికి పోతున్నం అని అడుగుత. తాండూరుకు అంటడు.

నవ్వకుండ్రి. గది నవ్వే ముచ్చట గాదు.

అమ్జద్ వేరే ఇంజన్ చూసిపెట్టిండు, మంచిదేనంట. వద్దన్నడు. దాని ఇంజన్ దానికే గావాల్నంట. మరి మీ అన్నను అడుగు అన్న. నేనెందుకు అడుగుత, ఆయననే ఇయ్యాలె అన్నడు. నీకు గావాల్నని ఆయనకెట్ల తెలుస్తది అన్న. తెల్వకపోతె ఆయనేం అన్న అంటడు. గిదీ మీ తమ్ముని తెలివి. ఆఖరుకు నిన్న అన్నం తినుకుంట మెల్లగ అన్నడు, ఇంజన్ ఉన్నదో, పాత సామాన్లోనికి ఏసిండో పోయి చూసి రా, అడగకు, ఊకె చూసి రా అని.

నేను కంచం పక్కకు జరిపిన.

అక్కకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు పోయొస్త అన్న. పోనియ్యలే. అక్క కాలు ఇరిగి పండుకున్నప్పుడు కాళ్ళు మొక్కిన. పోనియ్యలే. ఇంజన్ కోసమైతె పో అన్నడు. రైలు టికెట్‌కు ఆయననే పైసలిచ్చిండు.

మీరేం తక్కువ తిన్నరా? మమ్మల్ని కన్న అవ్వ సచ్చిపోయినప్పుడు అక్కను నా పక్కకు కూసోనిచ్చిండ్రా? అవ్వ తలాపు దిక్కు అక్క ఏడ్సింది, కాళ్ళ దిక్కు నేను ఏడ్సిన. నడుమ మీ ఇద్దరి మెటడోర్.

ఫోన్ల మాట్లాడుకుంటుంటిమి. ఔ, ఇప్పుడు తెల్సుకోండ్రి. మీరు చేనుకు పోయినంక ఆమె, ఆయన దుకాణం పోయినంక నేను. మనుమలొచ్చినంక గూడ దొంగల లెక్క గుసగుసలు. సింధుజ ఒకసారి చూసి, అమ్మా ఎవరది అని అదోతీరుగ అడిగింది. మా అక్కనే అన్న. సొంత అక్కతోని ఎవరన్న గట్ల మాట్లాడుతరా అన్నది. ఇప్పుడు దుకాణం బందాయె. పొద్దంత ఇంటికాడనే ఉంటడు, చేతిల గీకుడు కాయితం పట్టుకోని. ఇగ గా ఫోన్ గూడ పాయె.

మా అవ్వ పొద్దుగాల చేనుకు పోతుండె. నాకు తల దువ్వింది, బువ్వ వెట్టింది, బడికి తోలింది అక్కనే. ఇద్దరం ఒక్క ఇంటికే కోడండ్లం పోతున్నమంటె మేం ఎంత సంబురపడ్డమో మీకేం తెల్సు. ఇగ మనల్ని ఎవ్వలు విడగొట్టరు అన్నది అక్క. ఎవ్వలు విడగొట్టలే, నిజమే. ఒక ఇంజన్, ఒక డబ్బా, గవ్వే విడగొట్టినయి.

గా పర్దా కింద కాళ్ళు కనవడుతున్నయి. నేను వచ్చిన కాడికెళ్ళి ఆడనే ఉన్నయి. ముందటికి రావు, ఎనుకకు పోవు.

సరే, చెప్పుండ్రి. ఇంజన్ ఉన్నదా, లేదా?

గాడనా? గా రేకుల కిందనా? చూడొచ్చా? గడప కాదు గద, పెరడే.

అయ్యో బావా. ఇదేంది గిట్ల ఉన్నది? ఈ పాలిష్ బండల ఊర్ల ఇంట్ల పెట్టిన గ్లాసు మీద గూడ దుమ్ము లేస్తది. దీని మీద మాత్రం పొక్కు లేదు, తుప్పు లేదు. మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద గోనె సంచి, దాని మీద దుప్పటి. మా పెండ్లిల వెట్టిన దుప్పటి గాదా ఇది? బోర్లొచ్చి ఎన్నేండ్లాయె. బాయి ఎండిపాయె. దీంతోని మీకేం పనున్నదని ఇంత సాదుతున్నరు? నూనె గూడ పోస్తున్నరా? ఎవరికోసం?

గోడకు చెప్పుండ్రి అంటి గద. గోడ దిక్కు తిరిగి కండ్లు తుడుసుకోమనలే.

ఏమంటిరి? మల్ల అనుండ్రి.

తీస్కపొమ్మంటున్నరా? ఉత్తగనే? కొట్లాట లేదు, పంచాయితీ లేదు, పెద్దమనుషులు లేరు. ట్రాలీ ఆటో మాట్లాడుకోని తీస్కపో అంటున్నరు. గింతేనా? మరి ఇన్నేండ్లు ఎందుకియ్యలే?

ఎవ్వలు అడగలేదనా?

ఔ మల్ల. ఎవ్వలడగలే. మంచి మాట చెప్పిండ్రు. అడిగితె ఇద్దామని మీరు, ఇస్తె తీస్కుందామని ఆయన. ఇద్దరు దొరలు. మేం నడుమల ముసలోళ్ళమైనం.

ఇంకేదో అంటున్నరు మీరు. గట్టిగ అనుండ్రి. ఇది పోతె లెక్క తెగిపోతదా? ఇగ మీకు మాకు ఏ వాస్తా, ఏ సంబంధం లేదా? పంచుకునేది ఏం లేదు గనుక, అడుగుడు లేదు, వచ్చుడు లేదు. గదే గద అంటున్నది?

జర ఆగుండ్రి. నన్ను కూసోనియ్యుండ్రి.

ఇంజన్ పోతదనుకోండ్రి. అమ్జద్ బిగిస్తడు. బండి లేస్తది. మీ తమ్ముడు గెలిచిన అంటడు, మీరు ఇచ్చి పారేసిన అంటరు. ఒకనాడు ఆయన నిజంగనే తాండూరుకు తోలుకోని వస్తడు. మీ ఇంటి ముంగటికెళ్ళి హారన్ కొట్టుకుంట పోతడు. దిగుతడా? దిగడు. మీరు లేస్తరా? పేపర్ అడ్డం వెట్టుకుంటరు. నాకు తెల్వదా మీ ఇద్దరు? అయితె ఇగ నన్ను ఈడికి దేనికోసం పంపుతడు? ఏం మిగిలిందని పంపుతడు?

వద్దు బావా. దుప్పటి కప్పుండ్రి. నాకు ఇంజన్ వద్దు.

నేను అడగకముందే ఇయ్యనన్నరని చెప్త. ఏమనుకోకుండ్రి, నాలుగు తిట్లు గూడ తిట్టిండ్రని చెప్త, నేనే కలుపుత. ఆయనకు కోపమొస్తది. ఎట్ల ఇయ్యడో చూస్త, మల్ల పో, ఈసారి అడిగే రా అంటడు. మల్ల వస్త. మీరు మల్ల ఇయ్యననుండ్రి. జర గట్టిగ అనుండ్రి, పక్కింటోళ్ళకు ఇనవడాలె. ఎవరన్న వికారాబాద్ దాంక మోస్తె ఇంక మంచిది.

మోసమంటరా? ఔ, మోసమే. పొద్దుమీకి ఆయన ఇస్త్రీ అంగీ ఏసుకోని స్టీరింగ్ పట్టుకుంటె నా పానం గుంజుతది. గా బండి ఒక్కసారి కదలాల్నని ఆయనకెంత ఆశనో పక్కకు కూసున్నదాన్ని, నాకు తెల్వదా? రేపు గూడ కూసుంట. తాండూరుకు అంటడు, సరే పా అంట. ఇంజన్ గిట్ల నూనెల మెరుస్తున్నదని మాత్రం చెప్ప. ఆయనకు బండి గావాలె. నాకు మా అక్క గావాలె. రెండు ఒక్కసారి దొరికేటట్టు మీరు పంచలేదు గద.

అక్కా, పర్దా జరిపి కూసోవే, ఎంతసేపు నిలవడ్తవు. ఛాయ్ తర్వాత పెడ్దువుగని, ముందుగాల నీ మొకం చూడనియ్యి. బావతోని మాట్లాడుడు అయిపోయింది. మస్తు బతిమిలాడిన, ఇంజన్ ఇయ్యనంటుండు. వచ్చే వారం గూడ నేను రావాలె.