కంట్లో పోటు

కంటి లోపల ఊడిన పొరకి ఆపరేషనై మూడో వారం. చేపల వేట మానేసి మంచం మీద బోర్లా పడుకున్న అబ్బులుకీ, కాపలా కూర్చున్న పెళ్లాం వెంకటదుర్గకీ ఆ పూట అస్సలు పడటం లేదు.

“మళ్లీ తలెత్తావు.”

“ఎత్తలేదే.”

“నా ఎదరే ఎత్తి, లేదంటావేంటి మావా?”

“మెడ పట్టేసిందే. ఒడ్డున బోర్లించిన పడవనైనా తారు పూసి తిరగేస్తారు. నన్నెవడు తిరగేస్తాడు?”

“డాక్టరు గారేమన్నారు? కంట్లో గాలి బుడగ పెట్టాం, అదే పొరని అంటించి ఉంచుతది, తలొంచుకునే ఉండమన్నారు.”

“ఆయనే చిన్న ఆపరేషనన్నాడు. కుట్లు లేవు, సూది బెజ్జాలే, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చన్నాడు. ఇంటికైతే వచ్చా. పడవెక్కేదెప్పుడో చెప్పాడా?”

“బెజ్జం చిన్నదైతే, పొర తొందరగా అంటుకుంటదా?”

“అవతల గోదారి ఎర్రబడింది, పులస ఎదురీదుతంది. నేనేమో మంచం నులక చూసుకుంటా పడున్నా.”

“నా ఖర్మ. ఆ మాత్రన్నా వేసుకున్నావా?”

“ఏసుకున్నా. ఏం చెయ్యలేదు.”

“పోటు తగ్గలేదా? ఫోన్లో సిస్టరమ్మ ‘కంట్లో పోటుందా’ అంటే, ఉందని నువ్వే కదా అన్నావు. మాత్రేస్తే పోద్దందే.”

“మాత్రకి పోటు పోద్దా పిచ్చిదానా? దాని టైముకి అదే తీస్తది.”

“ఎక్కడ నొప్పో చెప్పు, కాపడం పెడతాను.”

“నొప్పని ఎవడన్నాడు?”

“నువ్వే. పోటన్నావు.”

“పోటంటే ఏట్లో నీరెక్కే పోటే. బుడగ కరిగేకొద్దీ కంట్లో నీటిగీత దిగుద్దని డాక్టరన్నాడు గదా. దిగింది. మొన్నటిదాకా పాటు, నీరు తీసింది. నిన్న పొద్దున్నించీ నల్లగా కిందనించి ఎక్కతంది.”

“ఎక్కతందా?”

“ఏంటలాగడుగుతావు? పాటయ్యాక పోటు రాదా?”

“దిగి పోద్దన్నారు మావా. మళ్లీ ఎక్కుద్దని అన్లేదు.”

“అంటే?”

“ఆపరేషనుకి ముందు... పొర ఊడినప్పుడూ ఇలాగే కదా, నల్లగా, కిందనించి...”

“ఇది పోటే. పోటే అనుకున్నా.”

“తలెత్తు.”

“ఎత్తొద్దని ఇందాకట్నుంచీ నువ్వే కదా...”

“ఎత్తు మావా. మంచి కన్ను మూసుకో. ఇటు చూడు. నేనెంతవరకు కనపడుతున్నాను?”

“పొద్దున్న నీ గెడ్డమే మునిగింది దుర్గా. ఇప్పుడు ముక్కుపుడక కూడా లేదు.”