ఎర్ర చీటీ పెట్టనివాడు

ఇంకెన్నాళ్ళు బావా ఈ మౌనవ్రతం? పదకొండు రోజులు! అక్కేమో ఫోన్ ఎత్తదు, నువ్వేమో తల ఎత్తవు. నేనేం పరాయివాణ్ణా, సొంత బావమరిదిని కానూ?

అదిగో, మళ్ళీ మొహం తిప్పుకున్నావు. సరే, మాట్లాడకు. చెవులకైతే తాళం లేదు కదా, విను.

ఇరవై రెండేళ్ళుగా పక్కపక్క బల్లల మీద నిఘంటువు రాస్తున్నాం. మాటలకి అర్థాలు నీవి, పుట్టుకలు నావి. మాటకో కార్డు చొప్పున దాచే గదిలో రూలు ఒక్కటే: సొరుగులోంచి కార్డు తీస్తే, దాని చోట పేరు రాసిన ఎర్ర చీటీ పెట్టాలి. మరి 'క్రైమ్' కార్డు లేదు, చీటీ లేదు, ఆ వారం తాళంచెవి నీ దగ్గరుంది. ఎవడైనా ఏమనుకుంటాడు చెప్పు?

ఊఁ, అనుకోవడం వేరు, అరవడం వేరు. నిజమే. పదిమందిలో నిలబడి "మా బావే కాజేశాడు" అనేశాను. నోరా, వీపుకు తేకే అని ఊరికే అన్నారా!

ఇవాళ నాలుగింటికి నిన్ను పార్సిళ్ళ సెక్షన్‌కి పంపే కాగితం మీద చీఫ్ ఎడిటర్ మేడమ్ సంతకం పెట్టేస్తుంది. అర్థాలు రాసిన చేత్తో అట్టపెట్టెలకి టేపు అంటిస్తావా?

అవునూ, ఆ కార్డు మీద నేనేం రాశానో గుర్తుందా? లాటిన్‌లో 'క్రిమెన్'. మోపిన నింద, ఇచ్చిన తీర్పు, చేసిన తప్పు, అన్నిటికీ అదే మాట. దాని వెనక జల్లించి వేరుచేయడం అనే పాత క్రియ ఉందని కొందరంటారు, కాదని కొందరంటారు. చదివి నువ్వు పడీపడీ నవ్వావు. "చూశావురా, నింద వేసినవాడూ ఇందులో ఉన్నాడు" అన్నావు. నేనేమో జల్లెడ జోలికే పోకుండా నిన్ను చెరిగిపారేశాను!

సరే, అసలు సంగతికి వస్తాను. నవ్వకూడదు మరి.

పొద్దున నువ్వింకా రాకముందు, నీ నెత్తిమీద కిటికీ మళ్ళీ టకటకా కొట్టుకుంది. ఏంటా అని చూస్తే, సందులో నాలుగు మడతల అట్టముక్క వదులై వేలాడుతోంది. లాగాను. 'క్రైమ్' కార్డు, నా చేతిరాతే బావా! ఆ గాలివాన రోజు, కిటికీ సందు గాలికి నీ మెడ పట్టేసిందని, చేతికందింది మడిచి కుక్కింది నేనే. ఏదో చూసుకోవడానికని కార్డు తీసి, చీటీ పెట్టనిదీ నేనే.

ఏంటా చూపు? ఆఁ? నీకు తెలుసా! మొదటి రోజు నుంచీనా?

మరి చెప్పవేం? నా బల్ల వైపు చూపిస్తావేంటి? ఓహో, చెప్తే ఆ అట్టపెట్టెల దగ్గరికి నేను పోతాననా? అయ్యో నీ తెలివి తెల్లారిపోనూ! నన్ను తిట్టు బావా, కొట్టు. ఇలా కాపాడకు, సిగ్గుతో చచ్చిపోతున్నాను.

లేవకు. చెయ్యి వదులు. నాలుగవడానికి ఇంకా పది నిమిషాలున్నాయి, మేడమ్‌తో నేనే చెప్పుకుంటాను. టేపు అంటించడం నాకేం చేతకాదా? ఈ కార్డు చూపించడానికి పట్టుకెళ్తున్నాను కదా, సొరుగులో ఎర్ర చీటీ పెట్టే వచ్చాను. నా పేరే రాశాను, కొట్టొచ్చినట్టు.

కిటికీ సందు ఖాళీ అయింది. మఫ్లర్ చుట్టుకో.