దుమ్ము రాని గది

వీడియో గేములు బాగుచేసే చిన్న షాపు. బల్లకి అటు మెకానిక్, ఇటు ఒక ఇల్లాలు, మధ్యలో బోర్లా పెట్టిన గేమ్ బాక్సు.

"అంటే, బాగు చెయ్యొద్దంటారా?"

"చెయ్యండి. చేసి, కాలేదని చెప్పండి."

"ఎవరికమ్మా?"

"మా అత్తగారికి. సాయంత్రం మీకు ఫోన్ చేస్తారు. చెయ్యకుండా ఉండరు. అప్పుడు మీరు, పెద్దమ్మగారూ, బోర్డు పోయింది, ఇక లేవదు, అనాలి. అంతే."

"పాతికేళ్లయింది ఈ బల్ల ముందు కూర్చుని. పోయినదాన్ని బతికించమని ఏడ్చినవాళ్లని చూశాను గానీ, బతికున్నదాన్ని పోయిందనమన్నది మీరొక్కరే."

"పాపం నాకే తగలనివ్వండి. మీరు మాట మాత్రం అనండి."

"ముందు విప్పనివ్వండి. నిజంగానే పోయిందేమో, ఇద్దరికీ అబద్ధం తప్పుతుంది. ఆ డబ్బా ఇలా జరపండి. ఇటు పొడుగు స్క్రూలు, అటు పొట్టివి. ఇంతకీ దీనికేం రోగం?"

"పది నిమిషాలు ఆడితే చాలు, కొలిమిలా వేడెక్కిపోతుంది. ఫ్యాను విమానంలా మోత పెడుతుంది. తర్వాత దానంతటదే ఆరిపోతుంది."

"ఊపిరాడటం లేదు దానికి. లోపల దారులన్నీ పూడుకుపోయి ఉంటాయి. ఇది మీ అబ్బాయిదా?"

"మావారిది. పెళ్లికి ముందు కొనుక్కున్నారు. కిందటేడు అత్తగారికి కాలు బెణికి మంచం మీద ఉంటే, తోచడం లేదమ్మా అంటే, ఈయన చేతికిచ్చారు. ఆ రోజు నుంచీ ఆవిడదే. డెబ్బై రెండేళ్ల మనిషి, కారు తోలుతారు. తెరమీదే లెండి. మలుపొచ్చినప్పుడల్లా మంచం మీద ఆవిడ కూడా పక్కకి ఒరుగుతారు."

"గెలుస్తారా?"

"మావారు ఆవిడతో ఆడడం మానేశారు. మీరే అర్థం చేసుకోండి."

"మరి అంత సరదా ఎందుకమ్మా పాడుచెయ్యడం? నాకెందుకులే అనుకోండి, అయినా..."

"అడగండి. మా ఇంట్లో అందరూ అడుగుతున్నారు. మా ఆడపడుచైతే అడగను కూడా అడగదు, నేనే వాళ్లమ్మ నోటి దగ్గర కూడు తీసేస్తున్నట్టు చూస్తుంది."

"నేనలా అనలేదు."

"నాలుగు నెలల్నుంచీ అత్తగారికి తలనొప్పి. ఊరికే నొప్పి కాదు, తల పట్టుకుని కూర్చుంటారు. పొద్దున్న లేస్తూనే వాంతి. కూర్చున్నచోటే నిద్ర. నిన్న చేతిలో దువ్వెన పట్టుకుని, ఇదేంటమ్మాయ్ అన్నారు. డాక్టరు బీపీ చూశాడు, కళ్లు చూశాడు. వయసు అన్నాడు. రోజంతా ఆ తెర చూస్తే ఎవరికైనా తల తిరుగుతుందన్నాడు. ఆపండి అంటే ఆవిడ ఆపరు. దాచిపెడితే వెతుకుతారు. ఇంక ఇదొక్కటే దారి."

"ఊఁ."

"గేమ్ రాకముందు హాల్లో నా పక్కన కూర్చుని కూరలు తరిగేవారు. తరిగినంతసేపూ నన్ను దెప్పేవారు. ముక్కలు లావుగా కోశావు, చాకు మొండిగా ఉంచావు... ఇప్పుడు దెప్పే ఓపిక కూడా లేదు. నవ్వకండి. దెప్పడం మానేసినప్పుడే నాకు భయం వేసింది."

"నవ్వడం లేదమ్మా. ఇదిగో, పై మూత వచ్చేసింది. లోపల పెన్సిల్‌తో రాసి ఉంది చూశారా, నా రాతే. ఐదు నెలల కిందట నేనే శుభ్రం చేశాను."

"అవును, అప్పుడు మావారు తెచ్చారు."

"ఐదు నెలల్లో... ఇదేంటిది?"

"ఏమైంది?"

"ఏం లేదు. ఆ లైటు కాస్త కిందికి వంచండి. ఫ్యాను తీస్తాను. ఊఁ. మీ వేలు ఇలా పెట్టండి, ఈ రెక్క మీద."

"అబ్బ. నల్లగా అంటుకుంది."

"రుద్దండి."

"పోవడం లేదే."

"పోదు. దుమ్మైతే పోతుంది. దుమ్ము బూడిద రంగులో, దూదిపింజలా ఉంటుంది, బ్లోయర్ పెడితే లేచిపోతుంది. దుమ్ము చూసి ఇల్లెలాంటిదో చెప్పగలను నేను. పిల్లిని పెంచే ఇల్లు, గోడకి సున్నం రాలే ఇల్లు, కుట్టు మిషనున్న ఇల్లు. మీ ఇంటి నుంచి వచ్చింది దుమ్ము కాదమ్మా. మసి."

"మా ఇంట్లో మసా? పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి తడిగుడ్డ పెడతాను. ఆ గదిలో అయితే అలమర వెనక కూడా తుడుస్తాను. కావాలంటే వచ్చి చూడండి."

"మిమ్మల్ని అనలేదు. ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా?"

"లేదు."

"వంటిల్లు ఆ గది పక్కనేనా?"

"ఆ చివరెక్కడో. మధ్యలో హాలు, మా గది."

"కొవ్వొత్తులు? దోమల చుట్టలు?"

"ఏవీ పెట్టనివ్వను. ఏంటండీ ఇవన్నీ? ఊడ్చి, ఆ చల్లబరిచే పేస్టు రాసి బిగించెయ్యండి. ఎలాగూ పోయిందనే కదా చెప్పబోతున్నారు."

"గేమ్ ఆ గదిలో ఎక్కడ పెడతారు?"

"టీవీ కింద, అలమరలో. బాత్రూం తలుపు పక్కన."

"బాత్రూం గదిలోనేనా?"

"గదికి ఆనుకుని. ఆవిడ కోసమే కట్టించాం. తలుపు మాత్రం సరిగ్గా పడదు, తడికి చెక్క ఉబ్బిపోయింది. ఎప్పుడూ ఓరగానే ఉంటుంది."

"లోపల ఏముంది?"

"ఏముంటుంది? తొట్టి, బకెట్, గీజరు..."

"కరెంటుదా?"

"గ్యాసుది. కుళాయి తిప్పితే వెలుగుతుంది, కట్టేస్తే ఆరిపోతుంది. మంచిదే. వచ్చి రెండేళ్లయింది."

"మంట ఏ రంగులో ఉంటుంది?"

"నీలంగా... ఉండేది. ఈ మధ్య పచ్చగా వస్తోంది. దీపం పెట్టినట్టు ముచ్చటగా ఉందమ్మాయ్ అన్నారు కూడా ఆవిడ. ఎందుకలా చూస్తున్నారు?"

"దాని పొగ బయటికి పోవడానికి గొట్టం ఉందా?"

"లేదు. పెట్టినవాడు, వెంటిలేటర్ ఉంది కదా, చాల్లెమ్మా అన్నాడు."

"ఆ వెంటిలేటర్ తెరిచే ఉందా?"

"మూసేశాం."

"ఎప్పుడు?"

"మీరు చెప్పాకే."

"నేనా? నేనెప్పుడు చెప్పాను?"

"చీటీ ఇచ్చారు కదా, కిందటిసారి. ఆవిడ దాన్ని టీవీ పక్కన గోడకి అంటించుకున్నారు. పెట్టె ఉన్న గదిలోకి దుమ్ము రానివ్వకండి, ఒక్క సందు కూడా వదలకండి, అని."

"అది... అది అందరికీ ఇస్తానమ్మా. అచ్చు వేయించి పెట్టుకున్నాను. కిటికీ మూసి ఆడుకోమని... ఏదో రెండు మాటలు..."

"ఆవిడకి అది శాసనం. మెకానిక్ చెప్పాడు, మెకానిక్ చెప్పాడు, అని నా ప్రాణం తీశారు. వెంటిలేటర్‌కి అట్ట పెట్టి చుట్టూ టేపు వేశాం. కిటికీ రెక్కల మధ్య కూడా. నేనే స్టూలెక్కి అంటించాను. అప్పుడు కూడా దెప్పారు, వంకరగా వేశావని. పీకి మళ్లీ వేశాను. ఎంత బాగా వేశానో తెలుసా..."

"ఎన్నాళ్లయింది?"

"మీ దగ్గర్నుంచి తెచ్చిన వారంలోనే."

"తలనొప్పి ఎప్పుడు మొదలైంది?"

"చెప్పాను కదా, నాలుగు... ఏంటండీ మీరనేది?"

"ఒక్కటి చెప్పండి. ఈ మధ్య ఆవిడ వేరే ఎక్కడైనా ఉన్నారా?"

"మా ఆడపడుచు ఇంట్లో పది రోజులున్నారు. అక్కడ సుబ్బరంగా ఉన్నారు. ఒక్క రోజు తలనొప్పి లేదు. అందుకే కదా మా ఆడపడుచు నన్ను పట్టుకుని, అమ్మ మా ఇంట్లో బాగానే ఉంది, మీ ఇంట్లోనే తలనొప్పి ఎందుకు వస్తుంది అంటే, నాకు తల తీసేసినట్టయింది."

"అక్కడ గేమ్ ఆడలేదా?"

"ఆడకుండా ఉంటారా? సంచిలో పెట్టుకుని మరీ తీసుకెళ్లారు. అక్కడ పిల్లలతో పొద్దుగూకేదాకా... పొద్దుగూకేదాకా ఆడారు."

"అవునమ్మా. గేమ్ అదే. గది వేరు."

"నాక్కూడా వస్తుందండీ. ఆవిడ బాత్రూం కడిగిన రోజు, వేడినీళ్లు వదిలి కడుగుతానా, బయటికొచ్చేసరికి తల దిమ్మెక్కిపోతుంది. ఆవిడ మాటలకి వచ్చిందనుకున్నాను. ఇన్నాళ్లూ ఆవిడ మాటలకే అనుకున్నాను."

"మంట సరిగ్గా మండకపోతే విషపు గాలి వస్తుంది. దానికి వాసన ఉండదు, కళ్లు మండవు. నిద్రొస్తుంది, అంతే. ఈ ఫ్యాను రోజూ గంటలు గంటలు ఆ గది గాలిని పీల్చింది. ఇది పీల్చిన గాలే ఆవిడా పీల్చారు. నా మాట వినండి, ఇంటికెళ్లి ఆ టేపంతా పీకెయ్యండి. గొట్టం పెట్టించేదాకా గీజరు ముట్టుకోవద్దు. ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?"

"ఇంట్లో. పరవాలేదు లెండి, గేమ్ నా దగ్గరుంది కదా, గదిలో ఏం చేస్తారు? హాల్లోనే కూర్చుంటారు. హాలు కిటికీలు తెరిచి వచ్చాను."

"ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మావారు ఆఫీసుకెళ్లారు."

"ఫోన్ చెయ్యండి."

"వెళ్లిపోతాను, పది నిమిషాల దారే..."

"చెయ్యండమ్మా. నాక్కూడా వినిపించేలా పెట్టండి."

"మోగుతోంది. పక్కనే పెట్టుకుంటారు ఫోను, మా ఆడపడుచు చేస్తుందని. ఒక్క మోతకే ఎత్తుతారు. ఒక్క... ఎత్తడం లేదు."

"మళ్లీ చెయ్యండి."

"మోగుతోంది. మోగుతోంది. అత్తయ్యా! హలో, అత్తయ్యా!"

"ఆఁ... ఎవరూ?"

"నేనే అత్తయ్యా. ఇంటి నుంచి... షాపు నుంచి. హాల్లోనే ఉన్నారు కదా?"

"గేమ్ అయిందా?"

"అవుతోంది. ఎక్కడున్నారు?"

"గదిలో. కాస్త నడుం వాల్చాను. తల బరువుగా ఉందమ్మాయ్."

"అడగండి, వెనక ఆ చప్పుడేంటో."

"అత్తయ్యా, ఆ నీళ్ల చప్పుడేంటి?"

"తొట్టి నిండుతోంది. వేణ్ణీళ్లు పోసుకుంటే తల తేలికవుతుందని నువ్వేగా రోజూ చెప్పేది. సన్నగా వదిలాను."

"ఎప్పుడు వదిలారు?"

"నువ్వటు గుమ్మం దాటావు, నేనిటు తిప్పాను."

"అమ్మా, మీరిక్కడికి వచ్చి ముప్పావుగంట అవుతోంది."

"అత్తయ్యా, లేవండి. కుళాయి కట్టొద్దు, ఏమీ వద్దు, ముందు గదిలోంచి బయటికి రండి. ఇప్పుడే. నా మాట వినండి, ఈ ఒక్కసారి వినండి."

"వస్తాలే."

"ఇప్పుడే అత్తయ్యా!"

"అరవకు. కాళ్లు... నావి కానట్టున్నాయి. కాసేపు పడుకుని వస్తా."

"పడుకోవద్దు! పడుకోవద్దు అత్తయ్యా. నన్ను తిట్టండి. టేపు వంకరగా వేశాను, తిట్టండి."

"నా ఫోన్ తీసుకోండమ్మా, మీ ఎదురింటివాళ్ల నంబరు కొట్టండి. తలుపు పగలగొట్టమనండి. నేను అంబులెన్స్‌కి ఆ పక్క షాపు నుంచి చేయిస్తాను, బండి తీస్తాను. మీరు మాత్రం ఆవిడని మాట్లాడిస్తూ ఉండండి, ఆపకండి."

"ఎవరమ్మాయ్ నీ పక్కన?"

"మెకానిక్ గారు అత్తయ్యా. మీతో మాట్లాడాలంటున్నారు. లేవండి, లేచి తలుపు తీసి మాట్లాడండి."

"ఆయనా? కోప్పడుతున్నాడా, మళ్లీ మురికి పట్టించామని?"

"లేదు పెద్దమ్మగారూ, లేదు. మీ తప్పేం లేదు. తప్పు నాది. తలుపు... తలుపు ఒక్కటి తెరవండి తల్లీ."

"కోప్పడొద్దని చెప్పు. నువ్వెళ్లాక గదంతా వెతికాను. ఒక్క సందే మిగిలింది, గది తలుపు కింద. తడి తువ్వాలు కుక్కేశాను. ఆయనకి చెప్పమ్మాయ్... ఈసారి దుమ్ము కాదు, గాలి కూడా రాదు."