వెక్స్లర్‌లో లోపం

హలో… ఆఁ, నేనేరా, వెండెల్‌ని. ఇంకెవరు ఎత్తుతారు.

లేదు, పడుకోలేదు. ఊరికే కూర్చున్నా… గొంతుకేం, గాలి మారింది కదా, పట్టేసింది. నీ మాటే ఏదో నూతిలోంచి వచ్చినట్టుంది… ఓహో, స్పీకర్ పెట్టి బల్ల మీద పడేశావా… చేతులకి నూనా. సరే, అలాగే కానీ. ఏం బాగుచేస్తున్నావు?

…

నా పిస్తోలా? ఆ వెక్స్లరేనా?

డీన్ తెచ్చిచ్చాడా నీకు… పొద్దున్నే? అల్లుడుగారు నాతో ఒక్క ముక్క అనలేదే. నిన్న సాయంత్రం మా ఆవిడ నోరా అది ఇంట్లో ఉండకూడదంటే, కారులో పెట్టుకుపోయాడు. వాళ్ళింట్లో దాచాడనుకున్నా. సరాసరి నీ కొట్టుకే తెచ్చాడన్నమాట.

ఏం చెప్పాడు?… ఆ… ఆ… అవును. భోజనాలయ్యాక. బల్ల మీద ఉంది. డీన్ కాఫీ పోసుకోడానికి లేచాడు, అటు తిరిగున్నాడు… ఆ. అంతే. దానంతటదే పేలింది.

నోరాకేం కాలేదు. గోడ అవతల గదిలో కూర్చుని బొంత కుడుతోంది. కత్తెర కిందపడితే తియ్యడానికి వంగింది. తూటా గోడలోంచి దూసుకొచ్చి… ఆ, బొంత బిగించిన చట్రానికి తగిలింది. ఆవిడ తల ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ.

వంగింది కాబట్టి.

…

వింటున్నాలే. చెప్పు.

మొత్తం విప్పేశావా?… స్ప్రింగులు కూడానా… రబ్బరు సుత్తితో కొట్టావా. ఖాళీది కొడితే ఏం తెలుస్తుంది… కిందపడేసి కూడా చూశావా. నాలుగు వైపుల్నించీ. హుఁ.

ఏమీ దొరకలేదా?

సరిగ్గా చూశావా లోవెల్? కళ్ళజోడు పెట్టుకునే చూశావా?… కోప్పడకు, అడిగానంతే.

…

నువ్వేనా ఈ మాట అంటున్నది? ఇన్నేళ్ళూ దాన్ని సబ్బుపెట్టె అన్నావు. షూటింగ్ క్లబ్బులో అందరి ముందూ "వెండెల్ గారి చెంచా, ఫోర్కు, పిస్తోలు, మూడూ ఒకే ప్లాస్టిక్కు" అన్నావు. ఎల్క్ దుప్పుల వేటకి వెళ్ళినప్పుడు నా సంచిలో ఆడపిల్లల నీళ్ళ తుపాకీ పెట్టింది ఎవరు?… ఆ, నువ్వే. ఇవాళేమో లోపల పనితనం చూస్తే ముచ్చటేసిందంటావా.

వద్దు. పొగడకు… నన్ను కాదు దాన్నేనని తెలుసు. అయినా వద్దు.

లేదురా, నువ్వు అన్నదే నిజం. ప్లాస్టిక్ ఎంతయినా ప్లాస్టిక్కే. ఎవరూ కొనని సరుకుని భుజానెత్తుకుని ఊరేగాను నేను. జనానికి బుద్ధి లేదా, ఊరంతా వద్దన్నదాన్ని నేనొక్కణ్ణే మంచిదంటే… చలికి బిగుసుకుందేమో. మనూరి చలి తెలుసుగా. కంటికి కనబడని పగులేదో పడి…

ఏం చేశాను?

…

ఆ. చేశాను. మంచులో పాతిపెట్టాను. మర్నాడు తీసి నీ కళ్ళముందే కాల్చాను. ఆ, ఒక్కటీ తప్పలేదు… పందెం నువ్వే ఓడిపోయావు, గుర్తుంది. అది వేరు లోవెల్.

ఏం వేరంటే… అది వేరు.

…

తెలుసురా నాకు. నాకు చెప్తున్నావా వెక్స్లర్ గురించి? మిగతావాటిని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, దీనికి అక్కర్లేదు. పక్కన మీట తిప్పితే ఊడొస్తుంది. ఎంతమంది విప్పబోయి చేతుల్లో పేల్చుకున్నారో, వాళ్ళందరికీ ఇదుంటే బతికిపోయేవాళ్ళు. పిడి సన్నం, చిన్న చేతికీ అందుతుంది. పేలినప్పుడు మూతి పైకెగరదు. పై స్లైడు వెన్నలా వెనక్కొస్తుంది. ఇవన్నీ నిన్న మధ్యాహ్నం డీన్‌కి నేనే చెప్పాను, మాంసం ముక్కలు కూడా తియ్యని బల్ల మీద దాన్ని పెట్టుకుని. వాడు నవ్వుతున్నాడు. "మామా, అది బొమ్మ" అంటున్నాడు. నేను…

ఏం లేదు.

…

వద్దు. గోడకి అలాంటి కాగితమేదీ అంటించకు. డీన్‌కేం తెలుసని వాడి మాట పట్టుకుని కొట్లో హెచ్చరికలు పెడతావా… నేనెందుకు వద్దంటున్నానంటే… ఇంకా తేలలేదు కదా. రేపు వాళ్ళ కంపెనీవాళ్ళు అడిగితే ఏం చెప్తావు?

ఎవరు?

ఇర్మా హాస్కెల్ ఎందుకొచ్చింది… బండిలో కూర్చుందా. నీ కొట్టు బయటా. రొట్టెల సంచిలో పెట్టుకొచ్చిందా తన వెక్స్లర్ని. అయ్యో.

ఆవిడకెవరు చెప్పారు?… నోరానా. ఎప్పుడు చేసింది ఫోను… నాకు తెలియదు. నేను గోడకి లప్పం పెడుతున్నా పొద్దున్న. నోరా ఏమందట?

…

"మా ఆయన చెయ్యి కూడా వెయ్యలేదు, అదే పేలింది, నువ్వు దాన్ని జేబులో పెట్టుకుని తిరగొద్దు" అందా.

అలాగే అంది కదూ.

…

వినిపిస్తోంది. ఉన్నాను.

నువ్వేం ఇస్తావు దాని బదులు? నీ ఉక్కు తాతనా, ఆ పాత బరువు పిస్తోలునా? ఆవిడ వేళ్ళు చూశావా, కీళ్ళవాతానికి చెట్టువేళ్ళలా తిరిగిపోయాయి. మీ కొట్లో ఉన్నవన్నీ స్లైడు లాగి చూసింది ఆ రోజు, ఒక్కటీ కదల్లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు నేను నా నడుముకున్నది తీసి ఇచ్చాను. లాగింది. వచ్చింది. ఆ మొహం నువ్వూ చూశావుగా… అందుకే కొంది. ఊళ్ళో నా మాట మీద వెక్స్లర్ కొన్నది ఆవిడొక్కతే.

కుక్కలు మళ్ళీ వచ్చాయా? ఎప్పుడు?… రెండు గొర్రెపిల్లల్ని చంపేశాయా. గొర్రెలు ఈనుతున్నాయి కదా ఇప్పుడు, ఆ వాసనకే వస్తాయి. కిందటేడు ఆవిడ మోచేతినే పట్టుకున్నాయి. ఇప్పుడేం పట్టుకుని దొడ్లోకి వెళ్తోంది?

పారా.

పార పట్టుకుని వెళ్తోందా ఆ గుంపు మీదికి.

…

అడుగు.

…

అడగవే మరి.

…

అది పేలాలంటే రెండే దార్లున్నాయంటావు. స్ప్రింగన్నా అరగాలి, ట్రిగ్గర్ మీద వేలన్నా పడాలి. ఊఁ.

ఏమన్నావు?… అలా చెప్తావా? స్ప్రింగు అరిగిపోయింది, మార్చేశాను అంటావా డీన్‌తో?… నా కోసం. ఎవరికీ తెలియనవసరం లేదు. నువ్వు చెప్తే ఎవరూ కాదనరు, నిజమే. ముప్పయ్యేళ్ళ నుంచీ దాన్ని తిడుతున్నవాడివి నువ్వే. "చెప్పానా" అనేసి చేతులు దులుపుకుంటావు. నేను రేపు క్లబ్బుకొచ్చి మళ్ళీ పిల్లల ముందు నిలబడి తుపాకీ పాఠం చెప్పుకోవచ్చు.

…

నువ్వు మంచివాడివిరా లోవెల్. ఎప్పుడూ చెప్పలేదు నీకు.

…

కొంచెం ఆగు. నీళ్ళు తాగనీ.

…

అరిగిందని చెప్పకు.

అరగలేదు. దాంట్లో ఏ లోపమూ లేదు. అది మంచి పిస్తోలు. నేనిన్నాళ్ళూ చెప్పిందంతా నిజమే, ఒక్క ముక్క అబద్ధం లేదు. నేనే నొక్కాను.

…

ఆ. ట్రిగ్గర్. ఈ చేత్తోనే.

తూటాలుండే మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాను. గొట్టంలో ఒక తూటా మిగిలుంటుంది కదా, అది చూడలేదు. మ్యాగజైన్ తియ్యగానే నోరా అవతల్నించి పిలిచింది, ఆపిల్ కేకు ఇంకో ముక్క కావాలా అని. వద్దన్నాను. వద్దని మళ్ళీ ఇటు తిరిగేసరికి స్లైడు లాగి చూశాననే అనుకున్నా. చూడలేదు. వీడేమో కాఫీ పోసుకుంటూ "ట్రిగ్గర్ మాత్రం బొమ్మ తుపాకీలాగే ఉంటుంది మామా" అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. ఎంత మెత్తగా ఉంటుందో చూపిద్దామని, వాడింకా ఇటు తిరక్కముందే నొక్కాను. మూతి గోడ వైపుంది.

గోడవతల ఎవరున్నారో తెలుసు నాకు. అప్పుడే మాట్లాడాను ఆవిడతో.

…

ప్రతి పాఠంలో మొదటి మాట అదే కదరా. ఖాళీ తుపాకీ అనేది లోకంలో లేదు. చిన్న చిన్న పిల్లల చేత వల్లె వేయిస్తాను. వల్లె వెయ్యనివాణ్ణి బయట నిలబెట్టేవాణ్ణి.

డీన్ తిరిగేటప్పటికి అది బల్ల మీదుంది. నేనెప్పుడు కింద పెట్టానో నాకే తెలియదు. "నేను ముట్టుకోలేదు" అన్నాను. ఎవరూ అడక్కముందే. నోరా బతికుందో లేదో చూడ్డానికి వెళ్ళకముందే ఆ మాట వచ్చింది నా నోట్లోంచి.

అదీ సంగతి. ముందు ఆ మాట. తర్వాత నోరా.

…

తిట్టు. పోనీ తిట్టవేం.

…

అడిగింది. ఒక్కసారే. రాత్రి దీపం ఆర్పేముందు, "నీ వేలు దాని మీద లేదు కదా" అంది. లేదన్నాను. "సరే" అంది. తిరిగి పడుకుంది. నిద్ర కూడా పోయింది. నమ్మేసింది రా. అనుమానపడినా బాగుండేది, దెబ్బలాడుకునేవాళ్ళం.

పొద్దున్నించీ ఊరందరికీ ఫోన్లు చేసి నన్ను వెనకేసుకొస్తోంది. నేను లప్పం పట్టుకుని గోడ దగ్గర నిలబడి వింటున్నా. కన్నం పూడ్చాను. పైన రంగు కూడా వేశాను. కనబడదిప్పుడు.

…

ఏంటి?

ఎవరక్కడ?… లోవెల్. ఇర్మా బండిలో ఉందన్నావుగా.

ఎప్పుడొచ్చింది లోపలికి?… నీకూ తెలియలేదా. పొయ్యి దగ్గర నిలబడుందా. ఏ మాట దగ్గర్నించి విందట?

…

నోరా కేకు కావాలా అని పిలిచిందన్న దగ్గర్నించీ.

…

వద్దు, స్పీకర్ తియ్యకు. ఇంకేం దాస్తావు. ఇర్మా గారూ… ఇర్మా గారూ, వెండెల్‌నండి.

…

అవునండి. విన్నదంతా నిజమే.

…

మీదాంట్లో ఏం లేదండి. నాదాంట్లోనూ లేదు. తీసికెళ్ళండి ఇంటికి. పార మాత్రం పట్టుకుని వెళ్ళకండి ఆ కుక్కల మీదికి, మీకు దణ్ణం పెడతాను.

…

లేదండి. మీరు భయపడతారని చెప్పకపోవడం కాదు. అలా అంటే అదీ అబద్ధమే. మీరు నన్ను మాష్టారూ అంటారు. ఆ పిలుపు పోతుందని.

…

ఇవాళ పొద్దున్నా? నోరా ఫోను పెట్టెయ్యగానే పార పట్టుకుని వెళ్ళారా దొడ్లోకి?… నా మాట వల్లే. నేను అబద్ధమాడి గోడకి లప్పం పెట్టుకుంటున్న వేళకి మీరు అక్కడ ఆ కుక్కల మధ్య…

…

అలాగేనండి. లోవెల్‌నే నేర్పించమనండి ఇకనుంచి. వాడు నాకంటే జాగ్రత్త. నోరు దురుసు గాని చెయ్యి దురుసు కాదు… అవును, క్లబ్బులో పాఠాలు కూడా వాడే చెప్తాడు. నేను నిలబడలేను ఇక ఆ పిల్లల ముందు… మీరే అన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేను అడగాల్సొచ్చేది.

…

ఏమన్నారు?

…

లేదండి. నోరాకి ఇంకా తెలియదు.

…

మీరన్నది నిజమే. ముందు ఆవిడకే చెప్పాలి. మీ ఇద్దరికీ చెప్పాను, అదీ మీరు వింటున్నారని తెలియక. ప్రాణం మీదికి వచ్చింది ఆవిడకి, ఆవిడే ఆఖర్న వింటోంది.

…

ఇంట్లోనే ఉంది. అదే గదిలో. చట్రానికి తూటా పడిన చోట నా చేత తాడు చుట్టించి మళ్ళీ అక్కడే కూర్చుంది. కుర్చీ కొంచెం పక్కకి జరుపుకోమన్నాను. "నువ్వేం చేశావని భయపడ్డం" అని నవ్వింది. కుడుతోంది… ఆ, వేసిన తలుపు అద్దంలోంచి కనబడుతోంది వీపు.

…

చెప్తానండి. ఇప్పుడే. సాయంత్రం దాకా ఆగను.

…

లోవెల్, ఉన్నావా?… డీన్ వస్తే నువ్వేం చెప్పకు. వాడికి నేనే చెప్పుకుంటాను. పిస్తోలు నీ దగ్గరే ఉండనీ… ఎన్నాళ్ళో తెలియదు. నోరా ఏమంటే అది. శుభ్రంగా తుడిచి పెట్టు, దాని తప్పేం లేదు.

వస్తావా? వద్దురా. ఇవాళ వద్దు. ఆవిడ నన్ను ఇంట్లోంచి పొమ్మంటే అప్పుడు నీ కొట్టుకే వస్తాను. పొయ్యి ఆర్పకు.

…

ఉంటాను మరి… పెట్టేస్తున్నాను అన్నానుగా. నువ్వు పెట్టు ముందు… నాకు చెయ్యి రావట్లేదు.

…

నోరా.

నోరా, ఆ సూది కాసేపు పక్కన పెడతావా. ఇటు తిరుగు. లేదు, ఫోన్లో మాట అయిపోయింది, పెట్టేస్తున్నా. నిన్నటి సంగతి నీకు చెప్పాలి—